వాసం బాకీ

చైత్రంలో ఇటుకల పండగొస్తే
మన్యంలో దారికి అడ్డంగా ఓ వాసం పడుతుంది.
మగాళ్ళు వేటకెళతారు,
ఆడవాళ్ళు దారి కాస్తారు.
జీపైనా, బస్సైనా, ఆఫీసరు కారైనా
పది రూపాయలిచ్చి, రెండు నవ్వులు నవ్వి కదలాల్సిందే.

ఆ ఏడు కూడా వాసం పడింది,
జిలుగుపుట్టు ఊరి మొగదల.
నేను పర్సు తీశాను.
"డబ్బులొద్దు సిస్టరమ్మా," అంది వంతల గురుబారి,
"ఎనక్కెల్లిపో."

పాడేరు నుంచి పదమూడు కిలోమీటర్లు స్కూటీ,
ఆపైన నాలుగు గెడ్డలు, కాలినడక.
సంచిలో మలేరియా కిట్లు, జ్వరం మాత్రలు,
పైనుంచి పంపిన కాయితాల కట్ట:
మనిషికీ మనిషికీ ఆరడుగులు.
అది చదివి వినిపించడానికే వచ్చాను.
వాసానికి ఇవతల నిలబడి చదివాను, గొంతు చించుకుని.

"ఆరడుగులంటే ఎంత?"
చేతులు చాపి చూపించాను.
"అంతేనా!" అని నవ్వింది.
"మాయమ్మ కాలంలో అమ్మోరొచ్చినపుడు
కొండంత ఎడం పెట్టేరు."

ముఖాలకి అడ్డాకులు,
పుల్లతో కుట్టి చెవులకి నార.
వాసం పక్కన ఓ బండ.
సంచి దానిమీద పెట్టి పది అంగలు వెనక్కి నడిచాను.
ఓ కుర్రాడొచ్చి కర్రతో దాన్ని లాక్కుని
ఎండలో ఆరబెట్టాడు.
సంచికి దొరికిన మర్యాద నాకు దొరకలేదు.

కోపమొచ్చింది. అబద్ధమెందుకు.
వాసం వెనక నక్కి చూస్తున్న పిల్లల్లో
నలుగురికి మొదటి స్నానం పోసింది నేను.
నన్నా ఆపేది?
గెడ్డ దాటుతూ తిట్టుకున్నాను,
చదువులేని మొండితనం అని కూడా అన్నాను.
ఆ మాట ఇంకా నాలిక కిందే ఉంది, కరగదు.

ఐదోనాటికి ఒళ్ళు కాలింది.
డెట్టాలూ పసుపూ ఒకటే వాసన, అంటే ఏ వాసనా లేదు.
విశాఖ పెద్దాసుపత్రిలో పద్దెనిమిది రోజులు.
కిటికీలోంచి సముద్రం కనపడదు గాని
దాని హోరు గొట్టంలోంచి ముక్కులోకి వచ్చేది.
వేలికున్న క్లిప్పు తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది అని దిగుతుంటే
నేను వేరే లెక్క పెట్టుకున్నాను:
ముప్పై ఆరు గడపలు.
బండ నుంచి పది అంగలు.

జిలుగుపుట్టులో ఎవరికీ దగ్గు రాలేదు.
ఊరికే రాకుండా పోలేదది.
సంత మూసేస్తే ఉప్పు నిండుకుంది,
నలభై రోజులు చప్పటి అంబలి.
కొనేవాడు లేక పసుపు కొమ్ములు పుచ్చిపోయాయి.
ఓ రాత్రి సుక్రికి నొప్పులొస్తే
వాళ్ళే వాసం ఎత్తారు, డోలీ కట్టారు.
మోసిన నలుగురూ తిరిగొచ్చి
పద్నాలుగు రోజులు పోడు గుడిసెలో పడుకున్నారు,
ఎవరూ చెప్పకుండానే.
బిడ్డ దక్కింది. సుక్రి మూడో గెడ్డ దగ్గర చల్లబడింది.
మేం రాసే లెక్కల్లో ఆమెకి గడి లేదు.
నేనుంటే?
ఏమో. ఆ రాత్రి నాకే ఊపిరి లేదు.

మళ్ళీ ఆ దారి తొక్కడానికి రెండేళ్ళు పట్టింది.
ఇప్పుడు నాకూ మూడో గెడ్డ దగ్గరే ఆయాసం.
ఇటుకల పండగ. అదే వాసం, చెదలు కొంచెం తిన్నది.
ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడుతున్నారు.
వరసలో ఒకచోట మనిషంత ఎడం,
ఎవరూ కలుపుకోలేదు.

గురుబారి చెయ్యి చాపింది. "పది."
ముప్పై ఇచ్చాను.
"ఇదేటి?"
"పాత బాకీ. మూడేళ్ళది."

సుక్రి కూతురు వాసం కిందనుంచి దూరి
నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. దాన్నెవరూ ఆపలేదు.

గురుబారి వేళ్ళమీద ఏదో లెక్క చూసుకుంది.
రెండు నోట్లు కొంగున ముడేసి
ఒకటి తిరిగిచ్చేసింది:
"నడిమేడు నువ్వు రానేదు గదా."